పదిలో నొప్పి ఎంత? – అమెరికా వైద్యశాలలో తెలుగు పెద్దలు

పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వెళ్ళడానికి అమెరికా వచ్చే తెలుగు తల్లిదండ్రుల సామానులో రెండు మూటలు తప్పనిసరిగా ఉంటాయి. ఒకటి ఆవకాయ, గోంగూర, కందిపొడి, అప్పడాల మూట. రెండవది మందుల సంచి. మొదటి మూట గురించి నెలరోజుల ముందు నుంచే ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడతారు. నూనె కారకుండా సీసాకు ఎన్ని కవర్లు చుట్టాలో, ఏ పెట్టెలో ఎన్ని కిలోలు పట్టునో లెక్కలు వేస్తారు. రెండవ మూట మాత్రం ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం వీధి చివరి మందుల దుకాణంలో సిద్ధమవుతుంది. చీటీ అక్కరలేదు, పాత మాత్రల షీటు చూపితే చాలు.

పరదేశపు అలవాట్లకు సర్దుకోవడం అనగానే చలి, రోడ్డుకు కుడివైపున పోయే కార్లు, పలకరింపుగా నవ్వి వెళ్ళిపోయే ఇరుగుపొరుగు, పగటిపూట నిర్మానుష్యంగా ఉండే వీధులు గుర్తుకు వస్తాయి. వీటన్నిటికీ పెద్దలు మెల్లగా అలవాటు పడతారు, పడకపోయినా ప్రాణం మీదికి రాదు. వైద్యశాల సంగతి వేరు. అక్కడి ఆచారాలు తెలుసుకోవడానికి ఎవరూ ముందుగా వెళ్ళరు. వెళ్ళవలసి వచ్చిన రోజున తెలుసుకునే వ్యవధి ఉండదు.

పేరు, పుట్టినతేది

అమెరికా ఆసుపత్రిలో మందు ఇచ్చే నర్సు, రక్తం తీసే మనిషి, ఎక్స్‌రే గదిలోని మనిషి అందరూ ముందుగా అడిగేవి రెండే: పూర్తి పేరు, పుట్టినతేది. ఒకరు అడిగిన పావుగంటకే మరొకరు అదే అడుగుతారు. ‘ఇందాకే చెప్పాను కదా, వీళ్ళకు మతిమరుపా?’ అని పెద్దలు విసుక్కుంటారు. ఒకరి మందు ఇంకొకరికి పడకుండా రెండు గుర్తులతో పోల్చుకున్న తరువాతే ఏ పనైనా చేయాలన్నది అక్కడి నియమం.

తెలుగువారికి చిక్కు సరిగ్గా ఈ రెండింటిలోనే ఉంది. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత రావడం మన సంప్రదాయం. అమెరికా కాగితాలలో వరుస తలక్రిందులు. పాస్‌పోర్టులో ఒక తీరున, బీమా కార్డు మీద మరొక తీరున, మొదటిసారి వెళ్ళిన క్లినిక్కులో ఇంకొక తీరున పేరు నమోదైతే, ఒకే మనిషికి మూడు రికార్డులు ఏర్పడతాయి. పెన్సిలిన్ పడదన్న సంగతి ఒక రికార్డులో ఉండి, మందు రాసే వైద్యుడు మరొక రికార్డు తెరిచి చూస్తే కలిగే ప్రమాదం ఊహించుకోవచ్చు.

పుట్టినతేది మరీ తమాషా. డెబ్బై ఏళ్ళు దాటినవారిలో చాలామందికి అమ్మ చెప్పిన తిథి ఒకటి, బడిలో పంతులుగారు వేసిన తేది ఇంకొకటి. బడులు తెరిచే జూన్, జూలై నెలల్లోనే తెలుగుదేశంలో అంతమంది పుట్టారని కాగితాలు చెబుతాయి! దీనికి తోడు తేది రాసే పద్ధతి. 04/07/1951 అంటే మనకు జూలై 4, అమెరికాలో ఏప్రిల్ 7. ఆసుపత్రిలో పాస్‌పోర్టులోని తేదినే, అందులోని పేరు వరుసనే, నెల పేరును మాటలో పలికి చెప్పడం ఒక్కటే మార్గం. అసలు తిథిని పుట్టినరోజు పాయసానికి ఉంచుకోవచ్చు.

సంచిలోని మందులు

భారతదేశంలో మందును కంపెనీ పెట్టిన పేరుతో పిలుస్తారు. ఎకోస్ప్రిన్, టెల్మా, గ్లైకోమెట్, థైరోనార్మ్ అంటే ఊరి దుకాణంలో చిన్న కుర్రవాడికి కూడా తెలుస్తుంది. ఈ పేర్లు అమెరికా వైద్యుడికి చాలావరకు అపరిచితం. పైగా ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి అమ్మడం మన దగ్గర విరివిగా ఉంది. ‘షుగరుకు ఒకటే మాత్ర’ అని రోగి చెప్పే మాత్రలో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ ఉండవచ్చు. మొదటిది రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టగలదు. రెండవది ఒంటరిగా వాడితే సాధారణంగా అంత పని చేయదు. ఉపవాసం ఉన్న ఏకాదశినాడు ఈ తేడా చాలా పెద్దది.

అసలు మందు పేరే రెండు దేశాలలో వేరువేరుగా ఉండడం ఇంకొక ఇబ్బంది. మనం సాల్బుటమాల్ అనేది అక్కడ ఆల్బుటెరాల్. గ్లైబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబ్యురైడ్. అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్. అన్నిటికంటె ఎక్కువ అనర్థం తెచ్చేది పారాసెటమాల్. దానికి అమెరికా పేరు ఎసిటమినోఫెన్, అందరికీ తెలిసిన వాణిజ్యనామం టైలెనాల్. ఒకే రసాయనం పొడవాటి పేరులోంచి రెండు దేశాలు చెరొక ముక్క కత్తిరించుకున్నాయి, అంతే. తండ్రి తన సంచిలోని 650 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు నాలుగు వేసుకుంటాడు, 2600 అయింది. నొప్పి తగ్గలేదంటే కొడుకు ఇంట్లో ఉన్న 500 మిల్లీగ్రాముల టైలెనాల్ రెండేసి చొప్పున మూడు పూటలు ఇస్తాడు, అది 3000. ఇద్దరూ రెండు వేరు మందులు అనుకుంటారు. మొత్తం 5600 మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి రోజుకు గరిష్ఠ పరిమితి 4000. జలుబుకని రాత్రి తాగించే సిరప్పులలో కూడా ఇదే మందు దాగి ఉంటుంది. కాలేయం దెబ్బతినే మొదటి రోజున రోగికి వికారం మినహా పెద్ద బాధ ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే ఆలస్యంగా ఆసుపత్రికి వస్తారు.

మన దగ్గర చాలా ఇళ్ళల్లో ఉండే నిమెసులైడ్‌కు అమెరికాలో ఎన్నడూ అనుమతి లేదు. అనాల్జిన్‌ను అక్కడ 1977లో మార్కెట్టు నుంచి తొలగించారు. ఆయుర్వేద మందులు ‘చెట్ల మందులే కదా’ అని వైద్యుడికి చెప్పకుండా వదిలేస్తారు. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, బాస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉన్నట్టు తేలింది. ఆయుర్వేదాన్నంతటినీ దోషిగా నిలబెట్టడానికి ఇది చాలదు. కారణం తెలియని రక్తహీనతో కడుపునొప్పో వచ్చినప్పుడు వైద్యుడికి భస్మాల సంగతి చెప్పి తీరాలనడానికి చాలు.

తిండి విషయం ఒకటి ఇక్కడే చెప్పుకోవాలి. కూరగాయల దుకాణంలో గ్రేప్‌ఫ్రూట్ చూసి ‘మన పంపరపనస లాగుందే’ అని పెద్దలు ముచ్చటపడతారు. నిజంగానే రెండూ దగ్గరి చుట్టాలు. కొలెస్టరాల్‌కు వాడే అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ వంటి మందులను పేగులలో విరిచే ఎంజైమును ఈ పండ్లలోని పదార్థాలు అడ్డుకుంటాయి. అప్పుడు రక్తంలో మందు మోతాదు పెరిగి, కండరాల నొప్పులు రావచ్చు.

మందులను అసలు పెట్టెల్లోనే, వైద్యుడి చీటీతో సహా తెచ్చుకోవాలి. స్వంత వాడకానికి సాధారణంగా 90 రోజుల సరుకును మించి తేరాదన్నది అమెరికా అధికారుల సూచన. ఆరు నెలలు ఉండదలచినవారు మిగిలిన మూడు నెలలకు ఏమి చేయాలో బయలుదేరకముందే ఆలోచించుకోవాలి. చీటీ మీద కంపెనీ పేర్లతో పాటు మందు అసలు పేరు, మిల్లీగ్రాములు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయించుకుంటే సగం చిక్కు తీరుతుంది.

నొప్పికి తెలుగులో ఎన్ని పేర్లు

నర్సు అడిగే మరొక ప్రశ్న: ‘సున్నా నుంచి పది దాకా, మీ నొప్పి ఎంత?’ ఈ ప్రశ్న దగ్గర తెలుగు పెద్దలు తెల్లబోతారు. బాధకు మార్కులు వేయడం మన అలవాటులో లేదు. మన భాష నొప్పిని మరొక విధంగా కొలుస్తుంది. తలకు పోటు, పుండుకు సలుపు, ఒంటికి తీపులు, కాళ్ళకు పీకులు, కడుపులో మెలిపెట్టడం, అరికాళ్ళలో సూదులు గుచ్చడం, గుండె మీద బండ పెట్టినట్టు ఉండడం. వైద్యుడి చెవికి ఇవి ఒక్కొక్కటీ ఒక్కొక్క రోగం వైపు వేలు చూపుతాయి. సలుపు అంటే చీము పట్టి ఉండవచ్చు. సూదులు గుచ్చడం మధుమేహం వల్ల నరాలు దెబ్బతినడం కావచ్చు. మెలిపెట్టి వదిలి మళ్ళీ మెలిపెట్టేది పేగుదో మూత్రనాళానిదో. ఇంత వివరం ‘పెయిన్’ అనే ఒక్క మాటగా మారి, దాని పక్కన ఒక అంకె వేసేసరికి అసలు సమాచారం ఆవిరైపోతుంది.

ఆ అంకె కూడా నిజం చెప్పదు. కొడుకు, కోడలు ఉద్యోగాలు మానుకుని పక్కన కూర్చున్నారే అన్న మొహమాటంతో, ఎనిమిది ఉన్న తల్లి ‘ఏదోలే, నాలుగు’ అంటుంది. నాలుగుకు తగిన మందే వస్తుంది.

అనువాదం మనవడి చేతిలో పడితే కథ ఇంకా మారుతుంది. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అన్న మాటను అక్కడ పుట్టిన పిల్లవాడు కళ్ళకు సంబంధించిన జబ్బుగా చెప్పడం సహజమే. స్పృహ తప్పేటట్టు ఉండడం, గది గిర్రున తిరగడం, నడకలో తూలు రావడం మూడింటికీ మనం ఒకే మాట వాడతాం; వైద్యశాస్త్రంలో ఈ మూడింటికీ మూడు దారులు. మొదటిదానికి గుండెను, రక్తపోటును చూడాలి, రెండవదానికి లోపలి చెవిని, మూడవదానికి మెదడును. ‘వేడి చేసింది’ అంటే జ్వరమని అనువదిస్తారు. చెప్పినవారి ఉద్దేశం మూత్రంలో మంట కావచ్చు, నోటిపూత కావచ్చు. ‘లోజ్వరం’ థర్మామీటరుకు అందదు, అమెరికా వైద్యుడు 100.4 ఫారెన్‌హీట్ దాటితేనే జ్వరమంటాడు. తెలంగాణ అవ్వ ‘పానం మంచిగ లేదు’ అంటే ఆ మాటలో నీరసం, దిగులు, జబ్బు మూడూ ఉండవచ్చు.

ఇంట్లోవారు అనువాదం చేయడంలో భాషకు మించిన అడ్డంకి ఉంది. మామగారు మూత్రం ఆగడం లేదని కోడలి ముందు చెప్పరు. ముట్లుడిగి పదిహేనేళ్ళయిన తల్లి మళ్ళీ ఎర్రగా కనిపించిందని కొడుకు నోట చెప్పించలేదు. ఈ రెండవది తప్పకుండా పరీక్షించి చూడవలసిన లక్షణం. గర్భసంచి క్యాన్సరుకు అది మొదటి సూచన కావచ్చు, ఆ దశలో పట్టుకుంటే సాధారణంగా నయమవుతుంది. మొహమాటంతో ఆరు నెలలు గడిపి, ‘ఇండియా వెళ్ళాక చూపించుకుందాం’ అనుకున్నవారు ఆ అవకాశాన్ని చేజార్చుకుంటారు.

చాలామందికి తెలియని సంగతి ఏమంటే, ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు రాని రోగికి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. 1964 నాటి పౌరహక్కుల చట్టం, 2010 నాటి ఆరోగ్య సంరక్షణ చట్టం ఇందుకు ఆధారం. ఫోనులోనో తెర మీదనో తెలుగు దుబాసీ దొరుకుతారు. అపరిచితురాలైన దుబాసీతో, పిల్లలను గది బయట ఉండమని చెప్పి మాట్లాడినప్పుడు, పెద్దల నోట అంతవరకూ రాని మాటలు బయటికి వస్తాయి. ‘మా అమ్మకు నేనున్నాను కదా, దుబాసీ ఎందుకు?’ అనే పిల్లల మాటలో ప్రేమ ఉంది, కానీ వైద్యానికి అది మేలు చేయదు.

తల ఊపడం గురించి ఒక మాట. వైద్యుడు చెబుతున్నంతసేపూ తెలుగువారు తలను పక్కలకు ఆడిస్తూ ‘సరే, సరే’ అంటారు. ‘వింటున్నాను’ అని దాని అర్థం. అమెరికా వైద్యుడికి అది ఒప్పుకోలుగానో కాదనడంగానో కనిపిస్తుంది, ఏదైనా పొరపాటే.

గ్యాసు అనుకున్న గుండెపోటు

అన్నిటిలోకి ఎక్కువ ప్రాణాలు తీసే తెలుగు మాట ‘గ్యాసు’. ఛాతీలో బరువు, దవడకు పాకే నొప్పి, చెమటలు, పొట్ట పై భాగాన ఉబ్బరం, అన్నిటికీ అదే నిదానం. వాము నములుతారు, ఈనో కలుపుకుని తాగుతారు, త్రేన్పు వస్తే తగ్గిందని పడుకుంటారు. యాంటాసిడ్ తాగాక ఉపశమనం కలిగినంత మాత్రాన అది గుండెపోటు కాదని చెప్పడానికి వీలు లేదు. మధుమేహం ఉన్నవారిలో, వయసు మళ్ళిన స్త్రీలలో అసలు ఛాతీనొప్పే లేకుండా ఆయాసంగానో, వికారంగానో, అంతు తెలియని నీరసంగానో గుండెపోటు రావచ్చు.

ఈ విషయంలో దక్షిణాసియావారికి ముప్పు ఎక్కువ. 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనపు వివరాలను 2007లో విశ్లేషించినప్పుడు, మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయస్సు దక్షిణాసియావారిలో 53 ఏళ్ళు, తక్కిన దేశాలవారిలో సుమారు 59 ఏళ్ళు అని తేలింది. అంటే ముప్పు తల్లిదండ్రులతో ఆగలేదు, వారిని విమానాశ్రయం నుంచి తీసుకువచ్చిన కొడుకు కూడా ఆ లెక్కలో ఉన్నాడు. అమెరికా మధుమేహ సంఘం 2015 నుంచి ఆసియా సంతతివారికి శరీర బరువు సూచిక 25 బదులు 23 దాటగానే చక్కెర పరీక్ష చేయాలంటోంది. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి 70 కిలోలకు బదులు 65 కిలోల దగ్గరే గంట మోగుతుందన్నమాట.

ఛాతీనొప్పి వస్తే చేయవలసిన పని 911కు ఫోను చేయడం. ఈ సేవ 1968లో అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊరిలో మొదలైంది. హైదరాబాదులో 108 వచ్చింది 2005లో. 108ని పిలవడానికి సందేహించని పెద్దలు కూడా 911 అంటే వెనకాడతారు. వీధిలో సైరన్ మోగితే ఇరుగుపొరుగు ఏమనుకుంటారో, బిల్లు ఎంత వస్తుందో అన్న భయం. బిల్లు భయం నిరాధారం అనలేము. అయితే కొడుకు కారులో తీసుకువెళ్ళడానికీ ఆంబులెన్సుకూ భేదం వేగంలో లేదు. ఆంబులెన్సులో వచ్చేవారు ఇంట్లోనే ఇసిజి తీసి ఆసుపత్రికి ముందే కబురు పంపుతారు. దారిలో గుండె ఆగితే మళ్ళీ కొట్టించే యంత్రం వారి చేతిలో ఉంటుంది. స్టీరింగు పట్టుకున్న కొడుకు చేయగలిగింది ఏమీ ఉండదు. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దలకు ఇంటి చిరునామా నోటికి రావాలి, రాకపోతే ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో అంటించి ఉంచాలి. ‘తెలుగు’ అన్న ఒక్క మాట చెబితే చాలా కేంద్రాలలో ఫోనులోకి దుబాసీని కలుపుతారు.

ఎమర్జెన్సీ గదిలో వచ్చిన వరుసన చూడరు, జబ్బు తీవ్రతను బట్టి చూస్తారు. మూడు గంటలు కూర్చోబెట్టారంటే ప్రాణాపాయం లేదని వారు అంచనా వేశారని అర్థం. మెడికేర్‌లో చేరిన ఏ ఆసుపత్రి అయినా, బీమా ఉన్నా లేకున్నా, ఎమర్జెన్సీకి వచ్చినవారిని పరీక్షించి పరిస్థితిని నిలకడకు తేవాలని 1986లో చట్టం వచ్చింది. చికిత్స నిరాకరించరాదన్నంతవరకే చట్టం. బిల్లు తరువాత ఇంటికి వస్తుంది. అందుచేత సందర్శకుల బీమా కొనేటప్పుడు, పాత జబ్బులు ఒక్కసారిగా ముదిరితే ఎంతవరకు ఇస్తారన్న వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

అడగకూడని ప్రశ్నలు

‘ఇంట్లో మీకు భద్రంగా ఉంటోందా?’ అని నర్సు అడిగినప్పుడు తల్లి నొచ్చుకుంటుంది, కొడుకు మండిపడతాడు. ‘గత రెండు వారాలలో దిగులుగా అనిపించిందా?’, ‘మద్యం తాగుతారా?’ అన్నవీ అలాంటివే. ఇవి అనుమానంతో అడిగేవి కావు, అందరినీ ఒకేలాగ అడిగేవి. దిగులు ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెబితే మేలు. కారు నడపలేక, పలకరించే మనిషి లేక, డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడే ఊళ్ళో పగలంతా కిటికీ దగ్గర కూర్చునే పెద్దలకు ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం, కీళ్ళ నొప్పులు పెరగడం తరచుగా ఉంటుంది. తెలుగులో దిగులు ఎక్కువగా ఒంటి బాధగానే మాట్లాడుతుంది. శాకాహారులై, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారిలో బి12 విటమిను లోపం కూడా ఇదే వేషంలో వస్తుంది కనుక, మనసు అని తేల్చే ముందు ఆ పరీక్ష ఒకటి చేయించడం మంచిది.

ఎవరికి చెప్పాలి

అన్నిటికంటె కఠినమైనది చివరిది. పరీక్షలో క్యాన్సరు తేలితే మన దగ్గర వైద్యుడు కొడుకును పక్కకు పిలిచి చెబుతాడు. రోగికి ‘కొంచెం గడ్డ ఉంది, తగ్గిపోతుంది’ అంటారు. రోగికి చాలాసార్లు అంతా తెలుసు. పిల్లలు బాధపడతారని తెలియనట్టు ఉంటాడు. ఇరువైపులా నడిచే ఈ నాటకంలో ప్రేమ ఉన్న మాట నిజం. అమెరికాలో వైద్యుడు నేరుగా రోగి కళ్ళలోకి చూసి రోగం పేరు చెబుతాడు. రోగి అనుమతి ఉంటే తప్ప, కొడుకైనా సరే, మందుగా చెప్పడానికి వెనకాడతాడు. ‘మా నాన్నకు చెప్పకండి’ అని పిల్లలు బ్రతిమాలితే ఆ వైద్యుడు ఇరకాటంలో పడతాడు. ఊపిరి యంత్రం పెట్టాలా, గుండె ఆగితే మళ్ళీ కొట్టించాలా అన్న ప్రశ్నలూ రోగినే అడుగుతాడు. ఇటువంటి కోరికలను ముందే కాగితం మీద పెట్టుకునే హక్కు ఉందని ఆసుపత్రులు రోగికి తెలపాలని 1990లో చట్టం చేశారు. పెద్దలకు ఇది అశుభం పలకడంలాగా వినబడుతుంది.

కానీ తెలుసుకునే హక్కులోనే తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా ఇమిడి ఉందన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. పరీక్షలకు ముందే, ఫలితం రాకముందే, అనుభవమున్న వైద్యులు రోగిని ఒక మాట అడుగుతారు: ‘వివరాలన్నీ మీకే చెప్పమంటారా, ఇంట్లో ఎవరికైనా చెప్పమంటారా?’ అడగకపోతే రోగే చెప్పవచ్చు. ‘నా విషయాలన్నీ మా పెద్దమ్మాయితో మాట్లాడండి, నిర్ణయం కూడా తనదే’ అని తల్లి తెలుగులో చెబితే, దుబాసీ దాన్ని ఇంగ్లీషులో చెబుతారు, వైద్యుడు రికార్డులో రాసుకుంటాడు, ఆవిడ ఒక కాగితం మీద సంతకం పెడుతుంది. ఆ సంతకం తెలుగులో ఉన్నా చెల్లుతుంది.